కోలారు గనులూ జెనీవా సంతకమూ

1930 ఏప్రిల్‌లో కోలారు బంగారు గనుల కార్మికులు పని ఆపేశారు. వేలమంది దిగాల్సిన షాఫ్టులు దాదాపు మూడు వారాలు ఖాళీగా ఉండిపోయాయి. గొడవ మొదలైంది కూలి దగ్గర కాదు, వేలిముద్రల దగ్గర. ప్రతి కార్మికుడి వేలిముద్రలూ తీసుకుని పేరు నమోదు చేస్తామని కంపెనీలు ప్రకటించాయి. ఒక గని గెంటేసినవాడో, తనంత తానే మానేసినవాడో వేరే పేరుతో పక్క గనిలో చేరకుండా చూడటానికి పనికొచ్చే ఏర్పాటు అది. మమ్మల్ని దొంగల జాబితాలో కట్టేస్తున్నారని కార్మికులు తిరగబడ్డారు. అదే ఏడాది జూన్ 28న జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ మహాసభ నిర్బంధ శ్రమ మీద 29వ నంబరు ఒప్పందాన్ని ఆమోదించింది. అందులో 21వ అధికరణం ఒకే ఒక్క వాక్యం: భూగర్భ గనుల్లో నిర్బంధ శ్రమ వాడకూడదు. ఆఫ్రికా వలస రాజ్యాల గనుల్ని మనసులో పెట్టుకుని రాసిన మాట అది. ప్రపంచంలోనే అత్యంత లోతైన గనుల్లో కొన్ని ఉన్న కోలారును జెనీవాలో ఎవరూ తలుచుకుని ఉండరు. కోలారులో జెనీవా సంగతి తెలిసినవాళ్లూ వేళ్ల మీద లెక్కపెట్టేటంతమందే.

ఒకదానితో ఒకటి సంబంధం లేని ఈ రెండు సంఘటనల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఒప్పందం ఇచ్చిన నిర్వచనం ప్రకారం, ఏదో ఒక శిక్ష భయం చూపి, తనంత తానుగా ముందుకు రాని మనిషి చేత చేయించుకునే పని నిర్బంధ శ్రమ. అంటే అది ప్రధానంగా అడిగే ప్రశ్న, ఈ మనిషి పనిలోకి ఎలా వచ్చాడు అని. కోలారు కార్మికులు లేవనెత్తిన ప్రశ్న వేరు: వచ్చినవాడు వెళ్లిపోవాలనుకుంటే వెళ్లగలడా? గత నూట యాభై ఏళ్ల కోలారు చరిత్రలో బలవంతం ఎక్కువగా కాపు కాసింది పనిలోకి వచ్చే దారి దగ్గర కాదు, బయటికి పోయే దారి దగ్గర. అంతర్జాతీయ ఒప్పందాల మీద మన సంతకాలు ఈ జిల్లాకు చాలాకాలం అక్కరకు రాకపోవడానికి అసలు కారణం ఇదేనని నా వాదన. జిల్లా మారుమూలన ఉండటమో, అధికారులు చెడ్డవాళ్లు కావడమో ఆ తర్వాతి కారణాలు.

గనుల కథ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఐర్లండుకు చెందిన మాజీ సైనికుడు మైఖేల్ లవెల్ 1870ల్లో మైసూరు ప్రభుత్వం నుంచి తవ్వకాల అనుమతి సంపాదించాడు. 1880లో లండన్ నుంచి జాన్ టేలర్ అండ్ సన్స్ దిగింది. మైసూరు, ఛాంపియన్ రీఫ్, ఉరిగాం, నందిదుర్గం గనులు ఒకదాని వెంట ఒకటి లోతుకు పోయాయి. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. ఛాంపియన్ రీఫ్ చివరికి మూడు కిలోమీటర్లకు పైగా దిగింది. మైసూరు దొరతనానికి రాయల్టీ, లండన్ వాటాదారులకు డివిడెండు ముట్టాయి. ఉత్తర ఆర్కాటు, సేలం, చిత్తూరు ప్రాంతాల నుంచి వచ్చిన తమిళ, తెలుగు దళిత కుటుంబాలకు తట్టి గోడల గుడిసెలూ, బండలు పేలి మీదపడే ప్రమాదమూ, ఊపిరితిత్తుల్లో రాతిదుమ్మూ దక్కాయి.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది, అదీ బలమైనదే. ఈ జనాన్ని ఎవరూ గొలుసులు వేసి తీసుకురాలేదు. ఊళ్లో భూస్వామి పొలంలో తరతరాల ఊడిగం కంటే గనిలో నగదు కూలి మేలనుకుని వాళ్లే వచ్చారు. ఊరిలో చెరువు నీళ్లు ముట్టనివ్వని మనిషికి గనుల ఊరిలో బడి, చర్చి, సంఘం, ఆ తర్వాత అంబేద్కర్ రాజకీయం దొరికాయి. దీన్ని నిర్బంధ శ్రమ అనడం ఆ మనుషుల తెగువను తక్కువ చేయడమే కదా? అవును, రాకను నిర్బంధం అంటే తక్కువ చేసినట్టే. వాళ్ల రాక ఒక విడుదల, అందులో సందేహం లేదు. కానీ ఇష్టంతో వచ్చారన్న మాట అక్కడితో ఆగితే నిజం. వచ్చాక జరిగినదానికంతటికీ దాన్నే రసీదుగా చూపిస్తే అబద్ధం. బ్రిటిష్ ఇండియాలో 1859 నాటి 13వ చట్టం ప్రకారం అడ్వాన్సు తీసుకున్న కూలీ పని మానేస్తే, మేజిస్ట్రేటు డబ్బు కట్టమనో పని చేయమనో ఆజ్ఞాపించవచ్చు. రెండూ చేయకపోతే మూడు నెలల దాకా జైలు. మైసూరు కాఫీ తోటల దొరలు ఈ చట్టాన్ని బాగానే వాడుకున్నారు. అడ్వాన్సు పుచ్చుకున్నది ఇష్టంతోనే కాబట్టి ఇది న్యాయం అని అప్పటి వాదన. బ్రిటిష్ ఇండియాలో దీన్ని రద్దు చేయడానికి 1925 దాకా పట్టింది. గనుల్లో పద్ధతి ఇంకొంచెం సున్నితం. మేస్త్రీలూ కాంట్రాక్టర్లూ జనాన్ని తెచ్చేవాళ్లు. పనితోపాటు గుడిసె కూడా కంపెనీదే కావడంతో పని పోతే నీడా పోయేది. బంగారం దొంగతనం పేరుతో ప్రత్యేక చట్టం, సోదాలు, కంపెనీల సొంత కావలి బలగం ఉండేవి. వీటికి కొత్త తోడుగా వేలిముద్రలు వచ్చాయి.

వేలిముద్రల మీద అంత పట్టుదల ఎందుకని ఇవాళ ఆధార్‌కు అలవాటుపడ్డ మనకు అనిపించవచ్చు. కూలి రేటు నిర్ణయించే శక్తి లేని మనిషికి మిగిలే ఒకే ఒక్క ఆయుధం పని మారడం. నాలుగు గనులు పక్కపక్కనే ఉన్నచోట ఒక మేస్త్రీ నచ్చకపోతే ఇంకో మేస్త్రీ దగ్గరికి పోవచ్చు. నాలుగు గనులకూ యాజమాన్యం ఒక్కటే అయినా, ఉరిగాంలో పని పోయినవాడు పేరు మార్చుకుని ఛాంపియన్ రీఫ్‌లో చేరగలిగినంతకాలం కార్మికుడి చేతిలో ఆ కాస్త స్వేచ్ఛ ఉంది. వేలిముద్ర పడితే అదీ పోతుంది. ట్రాన్స్‌వాల్‌లో 1907లో గాంధీ నాయకత్వాన భారతీయులు ఎదిరించిన నమోదు చట్టం కూడా బంగారు గనుల రాజ్యంలోనే పుట్టడం యాదృచ్ఛికం అనుకోను. భూమి లోపల పని చేసేవాడి కదలికను అదుపులో పెట్టుకోవాలన్న కోరిక ఆ పరిశ్రమకు మొదటి నుంచీ ఉంది. కోలారు కార్మికులకు అప్పటికి చట్టం గుర్తించిన యూనియన్ లేదు. బ్రిటిష్ ఇండియాలో 1926లో వచ్చిన ట్రేడ్ యూనియన్ల చట్టం సంస్థానానికి వర్తించదు. మైసూరులో ఆ వీలు కలగడానికి 1941, 1942 నాటి కార్మిక చట్టాల దాకా ఆగాల్సివచ్చింది. అయినా వాళ్లు సరైన చోటే పట్టుకున్నారు.

మరి అంతర్జాతీయ ఒప్పందం అప్పుడు ఏం చేస్తోంది? హద్దుల దగ్గర ఆగిపోయింది. 1926లో నానాజాతి సమితి బానిసత్వ ఒప్పందం చేసింది. అందులో 5వ అధికరణం నిర్బంధ శ్రమ గురించే మాట్లాడుతుంది. భారత ప్రభుత్వం దాన్ని 1927లో ధ్రువీకరించింది. అయితే 5వ అధికరణంతోపాటు మరికొన్ని నిబంధనలు బర్మా, అస్సాంలలోని కొన్ని కొండ ప్రాంతాలకూ, చక్రవర్తి ఆధిపత్యం కింద ఉన్న రాజుల సంస్థానాలకూ వర్తించవని మినహాయింపు రాసుకుంది. కోలారు మైసూరు మహారాజు రాజ్యం. అలా ఢిల్లీ సంతకానికి కోలారు పరాయిదైపోయింది. 29వ నంబరు ఒప్పందాన్ని బ్రిటన్ 1931లోనే ధ్రువీకరించింది, గనుల్ని నడిపే కంపెనీ లండన్‌దే. కానీ భారతదేశం అంతర్జాతీయ కార్మిక సంస్థలో విడిగా సభ్యురాలు కాబట్టి బ్రిటన్ సంతకం ఇక్కడికి దానంతటదే రాదు. డివిడెండుకు అడ్డం రాని సరిహద్దు ఒప్పందానికి అడ్డం వచ్చింది. సంస్థానాలు స్వతంత్రమైనవి, వాటి తరఫున హామీ ఎలా ఇస్తామన్న వాదనలో రాజ్యాంగపరంగా తప్పు పట్టడానికి లేదు. నిజమే కానీ, పోస్టు, రైలు, సైన్యం, గద్దె వారసత్వం వంటి విషయాల్లో ఆ స్వతంత్రం ఎంతపాటిదో మైసూరుకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. 1831 నుంచి యాభై ఏళ్లు ఆ రాజ్యాన్ని బ్రిటిష్ కమిషనర్లే పాలించారు.

స్వాతంత్ర్యం వచ్చాక హద్దు పోయింది. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టినీ, అలాంటి ఇతర నిర్బంధ శ్రమనూ నిషేధించింది. 1954 నవంబర్ 30న భారతదేశం 29వ నంబరు ఒప్పందాన్ని ధ్రువీకరించింది. అప్పటికి గనులు ఇంకా జాన్ టేలర్ చేతిలోనే ఉన్నాయి. 1956లో మైసూరు ప్రభుత్వం తీసుకుంది, 1962లో కేంద్రానికి పోయాయి, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడింది. గని కార్మికుల జీవితంలో ఈ కాలంలో మార్పు వచ్చిన మాట నిజం. అది యూనియన్ల వల్ల, పరిశ్రమ చట్టాల వల్ల వచ్చింది. నిర్బంధ శ్రమ ఒప్పందం పేరు చెప్పి వచ్చిన మార్పును ఆ చరిత్రలో చూపించడం కష్టం. ఒప్పందం నిజంగా పనికి రావాల్సిన చోటు గనుల కంచె బయట, ముళబాగిలు, శ్రీనివాసపురం, చింతామణి, బాగేపల్లి ఊళ్లలో ఉంది. ఆ రోజుల్లో అవన్నీ కోలారు జిల్లాలోనివే, ఇళ్లలో తెలుగు వినబడే ఊళ్లే. పెళ్లికో జబ్బుకో అప్పు తెచ్చి, తీర్చలేక కొడుకును రైతు ఇంట్లో జీతానికి పెట్టడం. ఏడాది కూలి రాగుల్లో కొలవడం. వడ్డీ ముందు, అసలు ఎప్పుడో. పశువులు కాసిన పిల్లవాడే పెద్దయి నాగలి పట్టడం. ఇక్కడ కూడా అప్పు తెచ్చింది ఇష్టంతోనే. పనిలో చేరిందీ పెద్దమనుషుల ఎదుటే. శిక్ష భయం ఏదీ అంటే, కాగితం మీద ఏదీ లేదు. ఇక ఊరికి తోటి, తలారి, నీరుగంటి చేసే వంశపారంపర్య పనులున్నాయి. చిన్నపాటి సామూహిక సేవలకు ఒప్పందంలోనే మినహాయింపు ఉంది, అయితే సమాజ సభ్యులనో వాళ్ల ప్రతినిధులనో సంప్రదించాలన్న షరతుతో. చెరువు కట్ట మీద ఆ సంప్రదింపు ఏ కులాల మధ్య జరిగేదో వేరే చెప్పాలా? వంశపారంపర్య గ్రామ ఉద్యోగాల్ని రద్దు చేసే చట్టం మైసూరు రాష్ట్రంలో 1961లో గానీ రాలేదు.

దేశీయ చట్టం, ఆచరణ సరిపోయాకే అంతర్జాతీయ ఒప్పందాన్ని ధ్రువీకరించడం మా విధానమని భారత ప్రభుత్వం చాలాకాలంగా చెబుతోంది. ఊరికే సంతకాలు పెట్టి మరిచిపోయే దేశాలతో పోలిస్తే ఇది నిజాయితీ కదా అని అడిగేవాళ్లున్నారు. విధానంగా చూస్తే గౌరవించదగ్గదే. కానీ తేదీలు దానికి సాక్ష్యం చెప్పవు. 29వ నంబరు ఒప్పందాన్ని 1954లో ధ్రువీకరించేనాటికి అప్పు కింద జీతముండే పద్ధతిని దేశమంతటా రద్దు చేసే చట్టం లేదు. 1975 అక్టోబర్‌లో ఎమర్జెన్సీ రోజుల్లో ఆర్డినెన్సుగా వచ్చి, 1976లో చట్టమైంది. అంటే చట్టం కంటే సంతకం ఇరవై ఒక్క ఏళ్లు ముందు. అటు 1957 నాటి 105వ నంబరు ఒప్పందం రాజకీయ శిక్షగా, శ్రమ క్రమశిక్షణ కోసం, సమ్మె చేసినందుకు, జాతి లేదా సామాజిక వివక్ష రూపంలో నిర్బంధ శ్రమను నిషేధిస్తుంది. దాన్ని 2000 మే 18న గానీ ధ్రువీకరించలేదు. అక్కడ నలభై మూడేళ్ల ఆలస్యం. స్త్రీలతో భూగర్భ గనుల్లో పని చేయించకూడదన్న 45వ నంబరు ఒప్పందాన్ని 1938లోనే ధ్రువీకరించి, యుద్ధం ముదిరి బొగ్గు కావాల్సివచ్చేసరికి 1943లో బొగ్గు గనుల్లోకి స్త్రీలను మళ్లీ దింపారు, 1946లో ఆపారు. ముందు చట్టం తర్వాత సంతకం అన్నది సూత్రమైతే ఈ మూడింటిలో ఏదీ దానికి ఉదాహరణగా నిలబడదు. ప్రభుత్వానికి ఖర్చు లేనిచోట సంతకం తొందరగా పడింది, తన చేతులే కట్టుబడేచోట ఆలస్యమైంది. అంతకుమించిన సూత్రం నాకు కనబడలేదు.

తన చేతులే కట్టుబడటం అంటే ఏమిటో కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో చూడవచ్చు. గనులు ప్రభుత్వానివయ్యాక ఒప్పందం మీద సంతకం పెట్టినవాడూ పని చేయించేవాడూ ఒక్కరే అయ్యారు. కార్మికుల లైన్లలో పొడి మరుగుదొడ్లు ఉండేవి. వాటిని చేత్తో ఎత్తి శుభ్రం చేసే పాకీ పని కొన్ని దళిత కుటుంబాల నెత్తినే పడింది. అందులో తెలుగు కుటుంబాలున్నాయి. పాకీ పని మీద పోరాడిన బెజవాడ విల్సన్ 1966లో అలాంటి ఇంట్లోనే పుట్టారు. తండ్రి పట్టణ పారిశుధ్యంలోనూ, అన్న బంగారు గనుల టౌన్‌షిప్‌లోనూ ఆ పనే చేశారు. చదువుకుని ఉపాధి కార్యాలయానికి వెళితే, ఏ పని కావాలన్న గడిలో తన కులాన్ని బట్టి పాకీ పని అనే రాశారని విల్సన్ చెప్పారు. జెనీవా నిర్వచనాన్ని ఈ గడికి పక్కన పెట్టి చూడండి. దరఖాస్తు ఉంది, జీతం ఉంది, నియామక పత్రం ఉంది, పెన్షనూ ఉండవచ్చు. బెదిరింపు లేదు. అన్నీ ఇష్టపూర్వకమే. ఆ మనిషికి ఇంకే పనీ ఇవ్వరన్న సంగతి మాత్రం ఏ రిజిస్టరులోనూ ఉండదు. 1980ల మధ్య నుంచి విల్సన్ అధికారులకు ఉత్తరాలు రాశారు, ఫొటోలు బయటపెట్టారు. 1994లో దళిత హక్కుల కార్యకర్త పాల్ దివాకర్‌తో, ఆంధ్రప్రదేశ్‌లో వెట్టి విముక్తి కోసం పనిచేసిన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్‌తో కలిసి సఫాయి కర్మచారి ఆందోళన్ మొదలుపెట్టారు. శంకరన్ ఇందులో చేయి కలపడం నాకు చాలా విలువైన సంగతిగా కనిపిస్తుంది. పొలంలో అప్పుకు కట్టుబడ్డవాడిదీ, పట్టణంలో కులానికి కట్టుబడ్డవాడిదీ ఒకటే సమస్య అని ఆయన తన ఉద్యోగ జీవితంలోనే పోల్చుకున్నారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ నిపుణులు మాత్రం పాకీ పనిని ప్రధానంగా వివక్షకు సంబంధించిన 111వ నంబరు ఒప్పందం కింద చర్చిస్తారు. వివక్షే, సందేహం లేదు. కానీ వదిలి వెళ్లలేని పని కూడా కదా అది.

పాత హద్దు మళ్లీ ఇంకో వేషంలో వచ్చింది. పాకీ పనినీ పొడి మరుగుదొడ్లనూ నిషేధించే చట్టం 1993లో అయింది. పారిశుధ్యం రాష్ట్రాల విషయం కనక ఆంధ్రప్రదేశ్, కర్ణాటకతో కలిపి ఆరు రాష్ట్రాలు కోరితేనే పార్లమెంటు చేసింది. అమల్లోకి రావడానికి 1997 జనవరి 26 దాకా పట్టింది. మిగతా రాష్ట్రాలు ఒప్పుకుంటేనే అక్కడ వర్తించేది. 1927లో సంస్థానాలు, 1993లో రాష్ట్రాలు. ఢిల్లీ చేసే వాగ్దానం కేజీఎఫ్ వీధిలోకి రావాలంటే ప్రతిసారీ మధ్యలో ఒక గేటు.

ఇదంతా చదివినవాళ్లు, అయితే ధ్రువీకరణ వట్టి కాగితమేనా అంటారు. కాదు. ఆ తీర్పు ఇవ్వడానికి తొందరపడేవాళ్లు 1982 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పిన మాట చూడాలి. ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో జస్టిస్ భగవతి, కనీస వేతనం కంటే తక్కువకు పని చేయడం 23వ అధికరణం కింద నిర్బంధ శ్రమేనన్నారు. ఆకలి, పేదరికం కూడా బలవంతమేనని తేల్చారు. కేవలం ఒప్పుకున్నాడు కాబట్టి ఇష్టపడ్డాడని అనలేమన్నది దాని సారం. ఈ తర్కానికి వచ్చేముందు ఆయన అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందాల్ని తడిమారు. అంబేద్కర్ 1947లోనే, పని లేనివాడి ముందు హక్కుల్లేని ఉద్యోగం పెడితే హక్కుల్ని వదులుకుని ఉద్యోగాన్నే పట్టుకుంటాడని హెచ్చరించారు. ఇష్టం అన్నదాని కింద ఉన్న నేల ఎంత గట్టిదో చూడాలన్న ఆలోచన అలా మన రాజ్యాంగ చరిత్రలోనే ఉంది. జెనీవా పాఠం దానికి అదనపు బలమిచ్చింది. ధ్రువీకరించిన ఒప్పందం దానంతటది నడవదు. ఎవరో ఒకరు మోసుకుని కోర్టుకో కలెక్టరు గదికో తీసుకుపోవాలి. 2003లో సఫాయి కర్మచారి ఆందోళన్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2014 మార్చి 27న తీర్పు వచ్చింది. 1993 తర్వాత మురుగు గుంతల్లో, కాలువల్లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 10 లక్షల రూపాయల చొప్పున ఇవ్వాలన్నది. 2023లో కోర్టు ఆ మొత్తాన్ని 30 లక్షలు చేసింది. ప్రాణం పోయాక గానీ పనిలో బలవంతం ఉందని ఒప్పుకోని లెక్క ఇది అని విసుక్కోవచ్చు. అయినా ఆ లెక్క రాయించినవాళ్లు ఈ గనుల ఊరి నుంచే బయల్దేరారు.

105వ నంబరు ఒప్పందాన్ని ధ్రువీకరించిన తొమ్మిది నెలలకు, 2001 ఫిబ్రవరి 28న, గనులు మూతపడ్డాయి. దాదాపు 800 టన్నుల బంగారం అప్పటికే వెళ్లిపోయింది. పొద్దున మారికుప్పం స్టేషన్‌లో రైలెక్కి బెంగళూరులో దిగి, సాయంత్రం మళ్లీ ఎక్కే జీవితం వేలమందికి మొదలైంది. నూట ఇరవై ఏళ్లు బయటికి పోనివ్వని పని, ఒక్కరోజులో అందర్నీ బయటికి పంపింది. దీన్ని నిర్బంధ శ్రమ కిందకు ఎవరూ తేలేరు, తేవాల్సిన అవసరమూ లేదు. కానీ తర్వాత దొరికే పని అడ్వాన్సు మీదైతే, ఆ అడ్వాన్సు తీరేదాకా కదలనివ్వకపోతే, 1859 నాటి తర్కం చట్టం లేకుండానే బతికి ఉన్నట్టు. 2014లో జెనీవాలో 29వ నంబరు ఒప్పందానికి అనుబంధంగా ఒక ప్రోటోకాల్ చేశారు. వలసల కాలం నాటి పాత అధికరణాల్ని తొలగించడంలో గనుల గురించిన ఆ 21వ అధికరణం కూడా పోయింది. బదులుగా నివారణ, రక్షణ, పరిహారం దేశాల బాధ్యతలయ్యాయి. బాధితుడు బయటపడ్డాక ఏం జరుగుతుందన్న ప్రశ్న అంత స్పష్టంగా ఒప్పందంలో చేరడం అదే మొదలు.

మన దగ్గర దానికి సమాధానం ఒక చిన్న కాగితంలో ఉంది. 1976 చట్టం కింద గుర్తించిన జీతగాడికి విడుదల పత్రం ఇవ్వాలి. దాంతో అప్పు రద్దవుతుంది, పునరావాసం మొదలవుతుంది. కర్ణాటకలో ఇన్నేళ్లలో 63 వేలకు పైగా మందిని గుర్తించినట్టు ప్రభుత్వ లెక్క. 2016లో సవరించిన కేంద్ర పథకం వయసొచ్చిన మగవాళ్లకు లక్ష రూపాయలు, స్త్రీలకూ పిల్లలకూ 2 లక్షలు, మరీ ఘోరమైన కేసుల్లో 3 లక్షలు ఇస్తుంది. కానీ పూర్తి మొత్తం చేతికి రావాలంటే పని చేయించినవాడికి శిక్ష పడి ఉండాలి. ఆ కేసు నడిచే ఏళ్లలో విడుదలైనవాడికి దక్కేది తక్షణ సాయం, 2022 నుంచి 30 వేల దాకా. ఆ మనిషి ఉండేది అప్పిచ్చినవాడి ఊళ్లోనే. కేసు వాదనలో ఎదుటి వకీలు వేసే మొదటి ప్రశ్న కూడా ఊహించడం కష్టం కాదు: అడ్వాన్సు ఎవరి ఇష్టంతో తీసుకున్నావు?